శుశ్రూష చేయువారికి శుశ్రూష



మన ప్రాచీన వైద్యులు చికిత్సకు నాలుగు పాదములు చెప్పిరి. వైద్యుడు, ఔషధము, ఉపచారకుడు, రోగి. ఈ నాల్గింటిలో నేది కుంటువడినను చికిత్స సాగదని చరకసంహిత సూత్రస్థానమున నున్నది. ఉపచారకునకు కావలసిన గుణములను గూడ ఆ గ్రంథము నాల్గింటినే చెప్పినది. అవి ఉపచారము చేయు విధము తెలిసియుండుట, చేతినేర్పు, రోగియెడ అనురాగము, శుచిత్వము. వీనిలో తెలివిని మొదట చెప్పి, అనురాగమును తరువాత చెప్పుట గమనింపదగినది. అనురాగము ఇంటివారికి సహజముగనే యుండును. తెలివి మాత్రము ఒకరు నేర్పగా నేర్చుకొనవలసినది. అది మనకు నేర్పవలసినవారెవరు, నేర్పుచున్నారా అనునదే ఈ మాసము మనము విచారింపవలసిన విషయము.

ఒక గృహమున మామగారికి పక్షవాతము వచ్చినదనుకొందము. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయిరి. ప్రాణాపాయము తప్పినది. పది దినములైన పిదప ఇంటికి పంపుచు చేతికొక కాగితమిచ్చిరి. అందు రోగి పేరు, వయస్సు, వ్యాధి పేరు, మాత్రల పట్టిక, మఱల చూపింపవలసిన తేదీ ఉన్నవి. కదలలేని మనిషిని మంచముపై ప్రక్కకు త్రిప్పు విధము అందు లేదు. మ్రింగుట కష్టమైనవారికి అన్నము పెట్టు విధము లేదు. మూత్రపు గొట్టమును శుభ్రముగా నుంచు విధము లేదు. ఈ పనులన్నియు రేపటినుండి చేయబోవు కోడలి పేరు మొదలే లేదు. ఆసుపత్రిలో నున్నంతకాలము ఆమెను "పేషెంటు తాలూకు ఎవరమ్మా?" అని పిలిచిరి. మందులు తెమ్మనిరి, సంతకము పెట్టుమనిరి, రాత్రులు వరండాలో చాప పఱచుకొననిచ్చిరి. నేర్పవలసిన మాట యొక్కటియు నేర్పలేదు. నెల తిరుగకముందే రోగి నడుముక్రింద పుండు పడినచో, చుట్టపుచూపుగా వచ్చినవారు ఆసుపత్రిని నిందింపరు. కోడలు సరిగా చూడలేదందురు.

ఇట్టి సేవ చేయువారిలో స్త్రీలే అధికులన్న సంగతి మనకు తెలిసినదే. దానికి లెక్కలును గలవు. 2024లో భారత ప్రభుత్వము ప్రజల దినచర్యను గూర్చి పరిశీలన జరిపినది. పదునైదు మొదలు ఏబదితొమ్మిది సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో నూటికి 41 మంది ఇంటివారి సంరక్షణకై దినమునకు సుమారు 140 నిమిషములు వెచ్చించుచున్నారని తేలినది. ఆ వయస్సు పురుషులలో ఈ పని చేయువారు నూటికి 21 మంది. వారు వెచ్చించు కాలము 74 నిమిషములు. ఈ లెక్కలో పిల్లల పెంపకమును, పెద్దల సేవయు కలిసియే యున్నవి. వంట, అంట్లు, బట్టలు దీనికి వేఱు. సేవ చేయువారి దేహముపై దీని ఫలమెట్టిదో 1999లో అమెరికాదేశమున ప్రకటింపబడిన యొక పరిశోధన చెప్పినది. భార్యకో భర్తకో సేవచేయుచు అందువలన అలసట, మనోవ్యధ పొందిన వృద్ధులలో నాలుగేండ్లలో మరణములు, అట్టి భారము లేనివారిలోకంటె నూటికి 63 వంతులు హెచ్చుగా నుండెనట. కావున ఒక రోగిని ఇంటికి పంపునపుడు, శ్రద్ధ వహింపనిచో మఱియొక రోగిని తయారుచేయుచున్నామని ఆసుపత్రివా రెఱుగవలయును.

ఇంటికి పంపకముందు నేర్పవలసిన విషయములు మిక్కిలి యెక్కువేమియు కావు. మంచముపట్టిన రోగిని సుమారు రెండు గంటల కొకసారి ప్రక్క మార్చవలయును. నడుము, మడమలు, తుంటి దినమును చూచుచుండవలయును. వ్రేలితో నొక్కినను తెల్లబడక ఎఱ్ఱగానే యుండు మచ్చ పుండునకు మొదటి గుఱుతు. పక్షవాత రోగి సరిగా మ్రింగగలడో లేదో ఆసుపత్రివారు పరీక్షించి చెప్పిన పిదపనే నోటికి ఆహార మియ్యవలయును. చక్కగా కూర్చుండబెట్టి కొంచెము కొంచెముగా పెట్టి, తరువాత అరగంటవఱకు పడుకొనబెట్టరాదు. తినునపుడు దగ్గు వచ్చినను, గొంతు నీరునిండినట్లు మాఱినను ఆపి వైద్యునకు చెప్పవలయును. పడిపోయిన చేతిని పట్టుకొని లాగినచో భుజపుకీలు చెడును. మూత్రపు సంచి ఎప్పుడును నడుముకంటె క్రిందుగా వ్రేలాడవలయును గాని నేలను తాకరాదు. రోగిని జరుపునపుడు అడుగున మడతపెట్టిన దుప్పటి వేసి, ఇద్దఱు చెఱియొక ప్రక్క పట్టి, నడుము వంచక మోకాళ్లు వంచి జరుపవలయును. చదువుటకు ఇవి సులభముగనే యున్నవి. చేయుటకు మాత్రము నర్సు ఎదుట నిలిచి, రెండు మూడు మార్లు మనచేత చేయించి, తప్పు దిద్దిననే గాని పట్టుబడవు.

అట్లని నేర్పినంతమాత్రమున ఆసుపత్రివారి బాధ్యత తీరదు. మనదేశమున 14 ఆసుపత్రులలో 1,250 మంది పక్షవాత రోగులపై జరిగిన యొక పరిశోధన 2017లో ప్రకటింపబడినది. రోగులలో సగముమంది యింటివారికి అంగవ్యాయామములు మున్నగునవి నేర్పి, ఇంటియొద్ద చేయింపుమనిరి. ఆఱు నెలలైన పిదప చూడగా నేర్పినవారి యిండ్లలోను, నేర్పనివారి యిండ్లలోను మరణించినవారును పరాధీనులై మిగిలినవారును నూటికి 47 వంతున సమానముగ నుండిరి. శిక్షణము నిష్ఫలమని దీనికర్థము కాదు. పుండు పడకుండ కాచుకొనుటకు, అన్నము పొరవోకుండ పెట్టుటకు తెలివి కావలసినదే. అయితే ఫిజియోథెరపీ నిపుణుడు చేయవలసిన పనిని కోడలికి నేర్పి చేతులు దులుపుకొన్నంతమాత్రమున రోగి కోలుకొనడని ఇందువలన తెలియుచున్నది. ఆమెకు నేర్పవలయును. ఆమె వెనుక ఒకరు నిలువవలయును.

అట్లు నిలిచినచోట్లు లేకపోలేదు. 1950 తరువాతి సంవత్సరములలో అమృతసరమునందలి మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగర్ గారు రోగుల బంధువులకు ఆవరణలో గుడారములు వేయించి, వారిని దగ్గఱ నుంచుకొని, వ్యాధిని గూర్చి తెలియజెప్పుచు చికిత్స నడపిరి. కేరళదేశమున 1993లో కాలికట్టునందు నొప్పినివారణకును ఉపశమన చికిత్సకును ఒక సంఘ మేర్పడినది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వము ఈ చికిత్సకు ప్రత్యేక విధానమును ప్రకటించినది. అక్కడ పంచాయతీల యాజమాన్యమున నర్సు మంచముపట్టిన రోగి యింటికే వచ్చి, గొట్టము మార్చి, పుండు కడిగి, ఇంటివారికి చూపి పోవును. అంతియే కాదు. మంచముపట్టిన రోగిని చూచుకొనువారికే నెలకు 600 రూపాయ లిచ్చునట్లు 'ఆశ్వాసకిరణం' అను పథకమును గూడ ఏర్పఱచిరి. సొమ్ము స్వల్పమే. కాని ఆమె చేయునది పనియే యని ఒక ప్రభుత్వము వ్రాతపూర్వకముగ నంగీకరించినట్లయినది.

ఇంగ్లండు చరిత్రయు మన మెఱుగదగినది. 1963లో మేరీ వెబ్‌స్టర్ అను అవివాహిత, తలిదండ్రుల సేవకై తన యుద్యోగమును విడువవలసివచ్చిన సంగతిని పత్రికలకు వ్రాయగా, మాదియు నదే గతి యని పెక్కుమంది స్త్రీలు ఆమెకు జాబులు వ్రాసిరి. ఆ జాబులనుండియే 1965లో ఒక సంఘము పుట్టినది. 1976లో సేవచేయువారికి భత్యమేర్పడినది గాని, వివాహిత స్త్రీలు ఎట్లును ఇంటనే యుందురు గదా యని వారికి దానిని నిరాకరించిరి. తల్లిని చూచుకొనుచున్న యొక వివాహిత వ్యాజ్యెము వేసి, 1986లో ఐరోపా న్యాయస్థానమున గెలిచిన పిదపనే ఆ యన్యాయము తొలగినది. సేవచేయువారికి తమ యవసరములను తెలుపుకొను హక్కు 2014 నాటి చట్టమువలన స్థిరపడినది. రోగిని ఇంటికి పంపు నేర్పాట్లలో వీలైనంత త్వరగా వారినిగూడ కలుపుకొనవలయునని 2022 నాటి చట్టము ఆసుపత్రులను శాసించినది.

మన ప్రాంతమున ఏమున్నది? 2024 జూలై మొదలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పక్షవాతముతో మంచమునకో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఏర్పఱచినది. అది మెచ్చదగిన పని. అయినను ఆ పింఛను రోగి పేర వచ్చును. రాత్రి రెండు గంటలకు లేచి ప్రక్క మార్చునామెకు విశ్రాంతి దానివలన రాదు. 2018 తరువాత గ్రామములలో నెలకొల్పిన ఆరోగ్య కేంద్రముల పనులలో వృద్ధుల సంరక్షణమును, ఉపశమన చికిత్సయు చేర్చబడినవి. కావున మార్గము కొంత వేయబడియే యున్నది. ఇక కావలసినవి ఇవి: ఆసుపత్రినుండి పంపు కాగితముపై సేవచేయువారి పేరు వ్రాయవలయును. పంపుటకు రెండు దినములు ముందుగనే ఆమెకు పనులు చేయించి నేర్పవలయును. మొదటి నెలలో నర్సుగాని, ఆశా కార్యకర్తగాని ఇంటికి వచ్చి చూడవలయును. రోగికి రక్తపుపోటు చూచినపుడు ఆమెకును చూడవలయును. సంవత్సరమున కొన్ని దినములైన రోగిని ఆసుపత్రి యుంచుకొని ఆమెకు విశ్రాంతి నియ్యవలయును.

"అత్తమామల సేవ ధర్మము గదా, దానికి ఆసుపత్రివారి సాయమేల?" అని యొకరిద్దఱు అడుగవచ్చును. ధర్మమే. అయితే కుమారునకును అది ధర్మమే, ఆడుబిడ్డకును ధర్మమే. ధర్మము పేర ఒక్కరి నడుము విరుగుట ఏ శాస్త్రమునను లేదు. సేవ చక్కగా సాగవలయుననియే మనము సాయము కోరుచున్నాము గాని, దానిని తప్పించుకొనుటకు గాదు.

ఈ యేర్పాట్లన్నియు వచ్చువఱకు మనము చేయదగినది కొంత గలదు. ఇంటికి పంపుదుమని చెప్పిన దినముననే డాక్టరుగారినో నర్సునో నిలిపి, సంకోచింపక ఇట్లడుగవలయును: "ఈ పనులు నాకు ఒకమాఱు చేసి చూపుదురా? నేను చేయగా చూచెదరా? ఏ లక్షణము కనబడిన వెంటనే తీసికొని రావలయును? రాత్రివేళ ఎవరికి ఫోను చేయవలయును?" వారి సమాధానములను కాగితముపై వ్రాసికొనవలయును. నేర్చుకొనునపుడు భర్తనో మఱదినో ప్రక్కన నిలుపుకొనుట మఱవరాదు. చూచి నేర్చినవాడు నాకు రాదని చెప్పలేడు. రాత్రి మేల్కొనుటను దినముల ప్రకారము పంచుకొనవలయును. ఆసుపత్రికి పోయినపుడెల్ల తన రక్తపుపోటును, చక్కెరను గూడ చూపించుకొనవలయును. నిద్ర పట్టక, ఊరక కన్నీరు వచ్చుచు, దేనియందును మనస్సు నిలువకున్నచో దానిని బలహీనతగా నెంచి దాచుకొనరాదు. ప్రభుత్వమువారి టెలీ మానస్ అను ఉచిత సహాయమునకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగుననే మాటలాడవచ్చును.

మీ యిరుగుపొరుగున మంచముపట్టిన రోగియున్న యిల్లు ఏదియో మీకు తెలిసియే యుండును. పరామర్శకు పోయినపుడు రోగి యెట్లున్నాడని అడుగుదుము. ఈమాఱు ఆ యిల్లాలు ఎట్లున్నదని గూడ అడుగుడు. వీలైనచో రెండు గంటలు రోగియొద్ద మీరు కూర్చుండి, ఆమెను నిద్రపోనిండు.