పన్నెండేండ్ల రైలు – యానాము వాటా

మన సంచికలలో ఏటేట ఆలయములను గూర్చియు, ప్రభువులను గూర్చియు వ్యాసములు వచ్చుచున్నవి. సంతోషమే. కాని మన ముంగిటికి వచ్చి పన్నెండేండ్లకే మాయమైన రైలుబండిని గూర్చి వ్రాసినవారు అరుదు. “యుద్ధము వచ్చెను, పట్టాలు పోయెను, మన ప్రాప్తము” అని పెద్దలు నిట్టూర్చుట వినివిని నాకు విసుగు పుట్టినది. అది ప్రాప్తము కాదు. కొందరు చేసిన నిర్ణయము.

కాకినాడ–కోటిపల్లి శాఖామార్గము 1928లో ప్రారంభమైనది. పొడవు సుమారు 45 కిలోమీటర్లు. కరప, రామచంద్రపురము, ద్రాక్షారామము మీదుగా వరిచేల నడుమ సాగి గౌతమీతీరమున ఆగెడిది. మా తాతగారు యానాము నుండి ఎడ్లబండిలో ద్రాక్షారామము చేరి అక్కడ రైలెక్కెడివారట. మా నాయనమ్మకు స్టేషను అనగా బండి రాకముందు వినవచ్చు సోడాకాయల చప్పుడే!

1940లో ఆ పట్టాలను యుద్ధావసరములకై పెరికివేసిరి. యుద్ధము 1945లో ముగిసెను. బండి మరల నడచినది 2004లో. తీసికొనుటకు అంత తొందర, తిరిగి యిచ్చుటకు అరువదినాలుగేండ్లు! నేను గుమాస్తాగా పనిచేసినవాడను. అరువిచ్చిన వస్తువునకు తిరిగి వచ్చు తేది వ్రాయని రిజిస్టరును పై అధికారి నా బల్లపై విసరికొట్టియుండెడివారు.

కొందరు మిత్రులు నాతో వాదింతురు: 2004 తరువాత నడచిన రైలుబస్సులో జనము ఎక్కలేదు గావున ఆ మార్గమే దండుగ యని. ఒంటిపెట్టెను ఏటిగట్టున ఆగిపోవు బాటపై నడపి, ఆవలి కోనసీమకు దారి చూపక, జనము ఎక్కలేదనుట న్యాయమా? సగము బావి త్రవ్వి నీరు పడలేదని గోల పెట్టుట యిట్టిదే. గౌతమి, వైనతేయ, వశిష్ఠలను దాటి నర్సాపురము చేరినగాని ఆ మార్గమునకు నిండుదనము లేదు. లోక్‌సభాపతి జి.ఎం.సి. బాలయోగిగారు దానికై పాటుపడిరి. 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదమున గతించిరి.

ఇక యానాము మాట. పుదుచ్చేరికి 1879లోనే విల్లుపురము నుండి రైలు వచ్చెను. కారైకాలునకు 1898లో పేరళము నుండి వచ్చెను. ఆ మార్గము మూతపడినను 2011లో నాగూరు వైపు నుండి బండి మరల వచ్చినది. మాహే పేరిట స్టేషనున్నది, చందర్నగరు పేరిట నున్నది. ఫ్రెంచివారి ఐదు స్థావరములలో తెలుగు మాటాడు యానాము ఒక్కటే పట్టా యెరుగనిది. ఊరు చిన్నదందురా? యానాము 30 చదరపు కిలోమీటర్లు. మాహే 9 మాత్రమే. 1954లో ఫ్రెంచి పాలన తొలగినపుడు గాని, 1962లో విలీనము చట్టబద్ధమైనపుడు గాని ద్రాక్షారామముననే పట్టాలు లేవు. అడుగుటకు వీలు లేకపోయెను. 2004లో వీలు కలిగినది. మనము గట్టిగా అడిగితిమా? పుదుచ్చేరిలో స్థిరపడిన మన కుటుంబములు పండుగకు వచ్చి, కాకినాడలో మూటముల్లెలతో దిగి బస్సుకై నిలుచుండుట మాత్రము అలవాటు చేసికొన్నవి.

ద్రాక్షారామము నుండి చిన్న శాఖయు, దాని కొసను యానాము పేరుతో కనీసము ఒక హాల్టును కావలెనని వచ్చు సర్వసభ్య సమావేశమున తీర్మానము పెట్టవలెను. ముసాయిదా నేనే వ్రాసి తెచ్చెదను. కార్బను కాగితములు కూడ నా యొద్ద మిగిలియున్నవి.