గుట్టంతా గుత్తకేనా?

వీధి చివర కిరాణా కొట్టాయనకు మన ఇంట్లో నెలకెంత నూనె పడుతుందో తెలుసు. మందుల షాపు కుర్రాడికి ఏ మాత్రలు వాడుతున్నామో తెలుసు. రోజూ ఎక్కే ఆటో అబ్బాయికి ఏ పూట ఎక్కడికి వెళ్తామో తెలుసు. ఎవరికి తెలిసింది వారి దగ్గరే ఉంటే పేచీ లేదు. ఆ ముగ్గురి పద్దులనూ ఒకడే కొనేసి ఒక్క పుస్తకంగా కుట్టుకుంటే మాత్రం, కోడలు నెల తప్పిన సంగతి అత్తగారి కంటే ముందు వాడికే తెలుస్తుంది. టెక్ కంపెనీలు చేస్తున్నది ఈ కుట్టుపనే.

గూగుల్ 2012 మార్చిలో 60కి పైగా గోప్యతా విధానాలను ఒక్కటిగా కలిపేసింది. ఫేస్‌బుక్ కథ ఇంకా ముదురు. 2014లో 1,900 కోట్ల డాలర్లకు వాట్సాప్‌ను కొంటున్నప్పుడు, రెండు ఖాతాలనూ నికరంగా జతచేయడం తమవల్ల కాదని ఐరోపా కమిషన్‌కు చెప్పుకొంది. రెండేళ్లకే, 2016 ఆగస్టులో, సరిగ్గా ఆ పనికే కొత్త విధానం తెచ్చింది. జతచేసే వీలు 2014లోనే ఉందని, అది సిబ్బందికీ తెలుసని తేల్చిన కమిషన్ 2017 మేలో 11 కోట్ల యూరోల జరిమానా వేసింది.

మీ మెసేజ్‌లు మేం చదవలేం అన్నది వాట్సాప్ నిత్య పారాయణం. నిజమే, చదవలేదు. చదవక్కర్లేదు కూడా. మన నంబరు, ఫోను వివరాలు, ఐపీ చిరునామా, ఏ వ్యాపారితో లావాదేవీ నడిపామన్నది తెలిస్తే చాలు. కవరు మీది చిరునామాలు చాలినవాడికి ఉత్తరం విప్పే శ్రమ ఎందుకు?

2021 జనవరిలో వాట్సాప్ కొత్త గోప్యతా విధానంతో మన ముందు పెట్టిన షరతు ఒక్కటే: ఒప్పుకో, లేదా మానుకో. 2016లో వద్దనుకునే వారికి నెల రోజుల గడువైనా ఇచ్చింది, ఈసారి అదీ లేదు. దీన్ని తప్పుపట్టిన మన దేశ కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరు 18న రూ.213.14 కోట్ల జరిమానా వేసి, ప్రకటనల కోసం సమాచారం పంచుకోవడాన్ని అయిదేళ్లు నిషేధించింది. ఫేస్‌బుక్, వాట్సాప్‌ల మాతృసంస్థ మెటా ఆ ఏడాది ఆదాయం 16,400 కోట్ల డాలర్ల పైమాటే. లెక్కవేస్తే ఆ జరిమానా దానికి గంటన్నర రాబడి కూడా కాదు! 2025 నవంబరులో అప్పిలేట్ ట్రైబ్యునల్ జరిమానాను నిలబెట్టి, నిషేధాన్ని కొట్టేసింది. ప్రకటనలకైనా వినియోగదారుడి సమ్మతి ఉండాల్సిందేనని డిసెంబరులో స్పష్టం చేయడం కొంత ఊరట. అయినా అది ఒక్క కంపెనీ మీద, ఒక్క కేసులో, అప్పీళ్ల మీద అప్పీళ్లు దాటి దక్కిన ఊరట.

నచ్చకపోతే మానేయొచ్చు కదా అనేవారు ఒక్కసారి ఆంధ్రప్రదేశ్ వైపు చూడాలి. 2025 జనవరి 30న మొదలైన ‘మన మిత్ర’ 161 ప్రభుత్వ సేవలను వాట్సాప్‌లోకే తెచ్చింది. జనానికి సౌకర్యమే, కాదనం. కానీ సర్కారే సర్టిఫికెట్లు అందించే కిటికీగా మారిన యాప్‌ను మానేయమనడం ఊరి బావి నీళ్లు వద్దనుకోమనడం లాంటిదే.

ఐరోపా డిజిటల్ మార్కెట్ల చట్టం వేర్వేరు సేవల సమాచారాన్ని సమ్మతి లేకుండా కలపరాదని 2024 మార్చి నుంచి బడా కంపెనీలను కట్టడి చేస్తోంది. చెల్లించు, లేదా ఒప్పుకో అంటూ దొడ్డిదారి వెతికిన మెటాకు 2025 ఏప్రిల్‌లో 20 కోట్ల యూరోల జరిమానా పడింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పిన దేశం మనది. ఆ తీర్పు తర్వాత ఆరేళ్లకు, 2023లో, వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది. దాని నిబంధనలు వెలువడేసరికి 2025 నవంబరు అయింది. అందులోని ముఖ్య బాధ్యతలు అమలయ్యేది 2027 మేలో. అప్పుడైనా, సేవల మధ్య డేటా కలపడాన్ని పేరుపెట్టి అడ్డుకునే సెక్షన్ అందులో లేదు.

అలాంటి సెక్షన్ మనవాళ్లకు రాయడం రాక కాదు. 2024 మార్చిలో కేంద్రం బయటపెట్టిన డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదాలో అది ఉంది. ఆ బిల్లు ఇంకా పార్లమెంటు గడప తొక్కలేదు. మిగతా క్లాజులపై పరిశ్రమకు అభ్యంతరాలుంటే వాటి చర్చ వేరుగా సాగనివ్వండి. సమ్మతి లేకుండా సమాచారం కలపరాదన్న ఆ ఒక్క క్లాజును విడదీసి, ఆలస్యం లేకుండా చట్టం చేయాలి. ఆ లోపు, మన మిత్రలో దరఖాస్తు పెట్టిన పౌరుడి వివరాల్లో ఏవేవి మెటాకు చేరుతున్నాయో అమరావతి సర్కారు ప్రజలకు చెప్పాలి.