టీవీ ముందు పెట్టిన టేప్‌రికార్డర్

బీబీసీ సైన్స్ ఫిక్షన్ ధారావాహిక 'డాక్టర్ హూ' 1963లో మొదలైంది. కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే ఆ డాక్టర్ 1964లో ఏడు వారాలపాటు మార్కో పోలో వెంట కుబ్లాయ్ ఖాన్ కొలువుకు ప్రయాణం కట్టాడు. ఆ ఏడు భాగాల్లో ఒక్కటీ మిగల్లేదు; టేపులు బీబీసీయే చెరిపేసింది. దక్కినవల్లా కొన్ని ఫొటోలు, అభిమానులు ఇంట్లో టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టి పట్టుకున్న మాటలు. ఈ నెల ముఖచిత్ర కథనం దాని మీదే.

కనిగిరిలో కూర్చుని మనకెందుకీ గొడవ అంటారా? మార్కో పోలో మన ఉమ్మడి ప్రకాశం తీరంలోని మోటుపల్లి గురించీ రాశాడు. సాలెగూడంత సన్నని బట్టలు, లోయల్లోకి విసిరిన మాంసం ముక్కలతో పాటు గద్దలు ఎత్తుకొచ్చే వజ్రాలు! రుద్రమదేవి పాలనను మెచ్చుకుంటూనే ఆమెను చనిపోయిన రాజుగారి భార్యను చేసేశాడు. గణపతిదేవుడి కూతురని ఎవరూ చెప్పలేదు కాబోలు.

పోగొట్టుకోవడంలో మనమేం తక్కువ తినలేదు. హెచ్.ఎం.రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద' (1932) ప్రింటు లేదు. 1921 నాటి 'భీష్మ ప్రతిజ్ఞ'దీ అదే గతి.

మీ అటకల మీద హరికథలు, బుర్రకథలు, పద్యనాటకాల క్యాసెట్లుంటే పారేయకండి, మాకు కబురు పెట్టండి. బూజు పట్టినవాటిని మాత్రం ప్లేయర్‌లో వేసి చూడకండి, టేపు చుట్టుకుపోతుంది.