పుట్ అను క్రియ

గత మాసమున మా యింట జరిగిన యొక పొరపాటు మాకింకను సిగ్గు గొలుపుచున్నది. బెంగుళూరునం దున్న మా ఆడుబిడ్డ కుమారుడు తన పెండ్లి ‘పుట్ ఆఫ్’ అయినదని ఫోనున ఇంగ్లీషు పంక్తి యొకటి పంపెను. పుట్ అనగా పెట్టుట యని మాకు తెలియును. వెనుకనున్న చిన్నమాటతో నేమి పని యనుకొంటిమి. ముహూర్తము పెట్టినారని మురిసి, ఇరుగుపొరుగు వారిని పిలిచి అప్పడములపిండి కలిపితిమి. సాయంకాలము మావారు బడినుండి వచ్చి చదివి, పెండ్లి వాయిదా పడినదనిరి. విచారింపగా అన్నయ్యగారికి గుండెజబ్బు చేసి ఆసుపత్రిలో నుండిరట! మా ఆడుబిడ్డ అచట కన్నీరు పెట్టుచుండగా మే మిచట అప్పడము లొత్తుచుంటిమి.

ఆ చిన్నమాటయే క్రియను త్రిప్పివైచును. పుట్ ఆన్ అనగా వస్త్రము ధరించుట, దీపము వెలిగించుట. పుట్ అవుట్ అనగా దీప మార్పుట. పుట్ డౌన్ అనగా క్రింద పెట్టుటయు, ఒకరిని చులకన చేయుటయు. అతిథికి రాత్రి బస యిచ్చుట పుట్ అప్. దానికి విత్ చేరినచో సహించుట. అతిథి పది దినములున్నచో మొదటిది రెండవదిగా మాఱు ననుకొనుడు!

సంస్కృతము చదివినవారి కిది క్రొత్త గాదు. హృ ధాతువునకు ఆ చేరిన ఆహారము, వి చేరిన విహారము, సం చేరిన సంహారము. అయితే అచట ఉపసర్గము ముందు నడచును. ఇంగ్లీషున వెనుక వచ్చును. ఒక్కొక్కప్పుడు నడుమ మఱియొక మాటను దూర్చుకొని దూరముగా నిలుచును. కనుక వాక్యము తుదముట్ట చదువక అర్థము నిర్ణయింపరాదు. మేము చేసిన తప్పదియే.

ఇట్టి క్రియ పుట్ ఒక్కటియే కాదు. ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు 1989 నాటి రెండవ కూర్పున సెట్ అను మాటకు అన్నిటికంటె దీర్ఘమైన వివరణ ముండెను. పిమ్మట రన్ అను క్రియకు 645 అర్థములు లెక్కించిరి. ఇన్నియు నేర్చినవారు ఇంగ్లండుననైన నుందురా యని మా సందేహము.

మన పెట్టు మాత్రము తీసిపోయినదా? అన్నము పెట్టుదుము, బొట్టు పెట్టుదుము, మొఱపెట్టుదుము, పరుగు పెట్టుదుము, కోడలి వంటకు వంక పెట్టుదుము. తెలుగు నేర్వ వచ్చిన ఆంగ్లవనిత వీనిలో నెన్నిట తడబడునో! పిల్లలు మమ్ము జూచి నవ్వినప్పుడు ఈ మాటయే చెప్పితిమి.

అన్నయ్యగారు కోలుకొనిరి. ముహూర్తము మాఘమాసమునకు కుదిరినది. ఈసారి మా మేనల్లుడు తెలుగుననే వ్రాసెను. అప్పడములు డబ్బాలో అట్లే యున్నవి.