మాట ఆలస్యమైతే తెలుగు మానాలా?

"పిల్లవాడికి రెండేళ్ళు నిండాయి మాస్టారూ, ఇంకా రెండు మాటలు కలిపి పలకడం లేదు. ఇంట్లో తెలుగు మాని ఇంగ్లీషొక్కటే మాట్లాడమని బడిలో చెప్పారు. ఏం చేయమంటారు?"

హైదరాబాదు తల్లిదండ్రులూ, అమెరికాలో ఉన్నవారూ నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. తెలుగు పండితుడు మరేం చెబుతాడులే అని మీరు నవ్వుకోవచ్చు. నేను వైద్యుణ్ణి కాను. అయితే ఈ విషయంలో శాస్త్రం కూడా పండితుడి పక్షానే ఉంది.

రెండు భాషలు వినడం వలన మాట ఆలస్యం కాదు. అమెరికాలోని వాక్చికిత్సకుల సంఘం 'ఆషా' చెప్పేదీ ఇదే. పొరపాటంతా లెక్కలో ఉంది. తెలుగులో ఇరవై, ఇంగ్లీషులో ఇరవై మాటలు వచ్చిన పసివాడికి ఇంగ్లీషు మాటలు మాత్రమే లెక్కబెట్టి వెనుకబడ్డాడంటారు. రెండూ కలిపి చూడాలి. భాషలు కలగాపులగమవుతున్నాయన్న బెంగ మరొకటి. "బాలుతో ఆడతా" అన్నాడొక బుడతడు. ఆంగ్లపదానికి ఉకారం చేర్చి అజంతం చేసుకొని, తృతీయా విభక్తి తగిలించాడు! తొమ్మిదో తరగతికి నేను సుద్దముక్క అరిగేలా చెప్పిన పాఠమది.

మొదట అడగవలసింది వాడికి వినబడుతోందా అని. తలుపు ధడేలుమంటే ఉలిక్కిపడుతున్నాడు కనుక చెవులు బాగున్నాయనుకుంటారు. మోటు శబ్దాలు వినబడి, శకార సకారాల వంటి సన్నని ధ్వనులు అందని వినికిడి లోపం ఉంది. మాటిమాటికీ జలుబు చేసే పిల్లలకు చెవిలో నీరు నిలిచి వినికిడి తగ్గవచ్చు. పరీక్షకు వయసుతో పనిలేదు. నిద్రిస్తున్న శిశువుకు సైతం 'బేరా' పరీక్ష చేస్తారు. ఏడాదికి వేలితో చూపడం, చెయ్యి ఊపడం వంటి సైగలు లేకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకు "అమ్మా రా" వంటి జంటమాటలు పలకకపోయినా వైద్యునికి చూపాలి. వచ్చిన మాటలు పోతుంటే ఏ వయసులోనైనా ఆగరాదు. "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చింది" అన్న ఓదార్పు పరీక్షకు బదులు కాదు.

మా వీధిలో ఒకరు బడివారి మాట విని ఆర్నెల్లు తెలుగు మానేశారు. తల్లికి ఇంగ్లీషు వచ్చు గానీ, లాలించేటంత రాదు. "కమ్, ఈట్, నో" దగ్గరే ఆగిపోయేది. ఇంగ్లీషు రాని నాయనమ్మ మనుమడి ముందు నోరు విప్పడమే మానుకుంది. చంటివాడి చెవిన పడే ఆ కాసిని మాటలూ సగమయ్యాయి. చివరికి పరీక్షలో తేలింది, రెండు చెవుల్లోనూ నీరు! నా కోపమంతా ఆ ఆర్నెల్ల మీద.

అన్నట్టు, 'వసపిట్ట' అన్న పలుకుబడిని తరగతిలో ముచ్చటగా వివరించినవాణ్ణే గానీ, వస అరగదీసి పసివాడి నాలుకకు రాయమని చెప్పను. అందులోని బీటా ఆసరోన్ హానికరమని అమెరికా 1968లోనే ఆహారంలో వసను నిషేధించింది. ఇక సెల్‌ఫోను పాటలంటారా, రెండేళ్ళలోపు వారికి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తెర తిరిగి జవాబు చెప్పదు, నాయనమ్మ చెబుతుంది.

ఖర్చుకు జంకేవారికొక మాట. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే వైద్యబృందాలు ఎదుగుదలలోని ఆలస్యాన్ని కూడా చూస్తాయి. వారు ఎప్పుడు వస్తారో అంగన్‌వాడీ టీచరును అడగండి. వెళ్ళేటప్పుడు పిల్లవాడు పలికే మాటలన్నీ, తెలుగువీ ఇంగ్లీషువీ, ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్ళండి.