చవుక ప్రయాణము - ఎవరి ఖర్చున?

మొన్నటి సర్వసభ్య సమావేశమున యువజనుల వార్షిక యాత్రకు బస్సు కుదుర్చుకొనవలెనన్న ప్రస్తావన వచ్చినప్పుడు, సైకిళ్లపై పోవచ్చునుగదా యని నేనన్న మాటకు సభలో నవ్వులు వినవచ్చినవి. నవ్విన పెద్దలపై నాకు కినుక లేదు. కాని బస్సునకు మనిషికింతయని వేసిన వంతు ఇచ్చుకొనలేక పేరు వ్రాయించుకొనని పిల్లలెవరో మనకందరకును తెలియును. వారి కొరకే యీ నాలుగు మాటలు.

గడచిన డిసెంబరులో నేను బరంపురము నుండి పలాసకు సైకిలుపై ఒక్క దినములో పోయితిని. ఉద్దానము మీదుగా చుట్టుతిరిగి పోవుటచే దూరము 80 కిలోమీటర్లు దాటినది. నాది గేర్లు లేని పాతబండి. శీతకాలమున ఈ తీరమున ఈశాన్యపు గాలి వీచును గనుక నైరృతి దిక్కుగా పోవువానికి అది వెన్ను తట్టును. తిరుగు ప్రయాణమున అదే గాలి యెదురై, రెండవనాడు నా మోకాళ్లు చేసిన ఫిర్యాదును ఇక్కడ వ్రాయను.

1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఏర్పడిన హద్దు ఇచ్ఛాపురమునకు ముందే వచ్చును. బస్సులో పోవువారికది రెప్పపాటులో దాటిపోవు ఒక బోర్డు. సైకిలు దిగి టీకొట్టున నిలిచిన నాకో, దుకాణదారుడు ఒక బేరగానితో ఒడియాలోను, వేరొకనితో తెలుగులోను చిల్లర లెక్కపెట్టుట వినబడెను. అక్కడ లారీల రహదారిని విడిచి కవిటి త్రోవ పట్టితిని. 2018 అక్టోబరు నాటి తిత్లీ తుపాను కూల్చిన కొబ్బరితోటలలో, మిగిలిన పెద్దచెట్ల నడుమ పిదప నాటిన పొట్టిచెట్లు నిలిచియున్నవి. ఏ చెట్టు ఆ రాత్రికి ముందుదో, ఏది తరువాతిదో త్రొక్కుచు పోవువానికే తెలియును.

ఆ త్రోవలోనే నా నీరు అయిపోయినది. ఒక వాకిట ఆగి మంచినీళ్లడిగితిని. ఆ యిల్లాలు గట్టుమీది బిందె ముట్టక, లోపలి డబ్బా వంచి నా సీసాలు రెండును నింపెను. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్నో యిండ్లను కూల్చినది. దాని కారణమింకను నిశ్చయముగా తేలలేదు. ఆ భయముచే అనేకులు నీరు కొని త్రాగుదురు. నేను పుచ్చుకొన్నది అట్లు కొన్న నీరు! పది రూపాయలు చాపగా, “నీళ్లకి డబ్బులేటి బాబూ” అని ఆమె లోనికి పోయినది.

ఆనాటి నా లెక్కలో టీయు ఇడ్లీయు 50, కొబ్బరిబొండము 40, పంక్చరు 40, రాత్రి భోజనము 120, లాడ్జి 350, వెరసి 600 రూపాయలు. మధ్యాహ్నమునకు ఇంటి చద్దియు ఆవకాయయు ఉండెను. (పలాసలో కొన్న జీడిపప్పు చేర్చలేదు, చేర్చినచో నా వాదము చెడును.) నీటికి ఎదుట సున్న వ్రాసి, కొట్టివేసితిని. పైసా లేకుండ దేశము తిరిగితిమని చెప్పుకొను యువకులు కొందరు గలరు. వారి సాహసమును కాదనను. కాని వారు తిన్న అన్నము ఎవరో వండినదే. దానిని పొదుపనుట నాకు సమ్మతము కాదు. ఆ ఖర్చు పేదవాని పద్దున పడినది, అంతియే.

పేదవానివలె వచ్చినవానికి జరుగు మర్యాదయు చూచితిని. ఒక సత్రపు గుమాస్తా నా దుమ్ముబట్టలు చూచి గదులు లేవనెను. నా వెనుక కారులో వచ్చినవారికి ఉండెను. మన పిల్లలకు ఈ అనుభవమును ఒకసారి కలుగుట మంచిదేయని నా అభిప్రాయము, పెద్దలు కోపగించినను సరే.

కనుక కార్యవర్గమునకు నా మనవి యిది. తొలి యేడు పలాస వలదు. ఇచ్ఛాపురము పోయి వచ్చిన చాలును, రానుపోను సుమారు 50 కిలోమీటర్లు. ఆడపిల్లలను కూడ చేర్చుకొనవలెను. వారి కొరకు వేరుగా బస్సనుట వలదు. నీరును తిండియు ఇంటినుండి మోసుకొనిపోవలెను, దారిలో పుచ్చుకొన్నదానికి వెల నీయవలెను. బ్రేకులయందును వెనుకదీపమునందును మాత్రము పిసినారితనము కూడదు. పొద్దుగ్రుంకక మునుపే ఇల్లు చేరవలెను. గంటకింతయని సైకిళ్లు అద్దెకిచ్చు దుకాణము లిప్పుడు అరుదు. అయినను మా వీధి రిపేరు మేస్త్రి మూడు బండ్లు అరువిచ్చుటకు ఒప్పుకొన్నాడు. బస్సునకు తీసిపెట్టిన సొమ్ములో కొంత యిచ్చినచో, మిగిలిన పాతబండ్లకు టైర్లును బ్రేకు రబ్బర్లును మార్పించెదనని ఆయనయే చెప్పినాడు.