మహమ్మదీయ శబ్దం గురించి

"మహమ్మదీయ మతం", "మహమ్మదీయులు" అనే మాటలను తెలుగు పండితులు ఇకనైనా విడిచిపెట్టాలి. ఎవరి మెప్పు కోసమో ఈ మాట చెప్పడం లేదు. ఆ శబ్దం అర్థరీత్యా తప్పు, అందుకే చెబుతున్నాను.

పాణిని చెప్పినది పాణినీయం. "ఈయ" అన్నది చేరగానే ఆ వస్తువు ఫలానావారిది, వారి నుండి వెలువడినది అనే భావం కలుగుతుంది. కాబట్టి మహమ్మదీయం అనగానే వినేవాడికి తోచేదేమిటి? మహమ్మదు ఒక మతాన్ని కల్పించాడనీ, ఆ మతస్థులు ఆయనను కొలుస్తారనీ. ఇస్లాం ఒప్పుకోనివి సరిగ్గా ఈ రెండే!

మక్కాలో ఖురైష్ తెగలో సుమారు 570లో జన్మించిన మహమ్మదు వర్తకుడు. 610 ప్రాంతంలో హిరా గుహలో ఆయనకు దైవవాణి వినిపించిందని ముస్లిముల విశ్వాసం. స్వస్థలంలో విరోధం ముదిరి 622లో మదీనాకు తరలివెళ్లారు. హిజ్రీ శకానికి అదే ఆరంభం. అయితే ఇది చరిత్రకారుడు చెప్పే ఆరంభం. విశ్వాసి చెప్పే ఆరంభం వేరు. ఆదిమానవుడు ఆదం మొదలుకొని ఇబ్రాహీం, మూసా, ఈసాల వరకు ప్రవక్తలందరూ బోధించినది ఒకే ధర్మమనీ, మహమ్మదు ఆ పరంపరలో చివరివారనీ వారి మాట. ఖురాను ఆయన రచన కాదు, దైవవాక్కు. ఆయన దాన్ని అందుకొని అందించినవారు. వేదానికి ఋషులు కర్తలు కారు, ద్రష్టలు అని చదువుకున్న మనకు ఈ భేదం ఎందుకు బోధపడదో నాకు తెలియదు.

ఇక ఆరాధన సంగతి. దేవుడొక్కడే, ఆయనకు సాటి లేరు, సంతానం లేదు. దీన్నే తౌహీద్ అంటారు. తక్కినవన్నీ, అంటే ఐదు పూటల నమాజు, రంజాను ఉపవాసం, నిలవ ధనంలో నలభయ్యోవంతు జకాతు, శక్తి ఉన్నవారికి హజ్జు, దీని మీద నిలిచినవే. 632లో ప్రవక్త మరణించినప్పుడు జనం నమ్మలేక తల్లడిల్లారు. అప్పుడు అబూబకర్ వచ్చి, మహమ్మదును ఆరాధించేవారెవరైనా ఉంటే ఆయన మరణించాడని తెలుసుకోవాలనీ, దైవాన్ని ఆరాధించేవారి దైవానికి మాత్రం మరణం లేదనీ చెప్పినట్లు వారి సంప్రదాయం. ఇంత స్పష్టంగా చెప్పుకున్నవారికి మనం ఆ మనిషి పేరే తగిలిస్తున్నాం.

"క్రైస్తవులు, బౌద్ధులు అనడం లేదా?" అని ఒక మిత్రుడు వాదించాడు. క్రైస్తవులు క్రీస్తును ప్రభువంటారు. ఆ పేరు వారికి సమ్మతం. బౌద్ధులూ అంతే. "అలీఘర్‌లో 1875లో సయ్యద్ అహ్మద్‌ఖాన్ నెలకొల్పిన విద్యాసంస్థ పేరులోనే మహమ్మదన్ అని ఉందికదా?" అని మరొకరు. నిజమే. అది ఆనాటి ఇంగ్లీషువారి వాడుక. 1920లో ఆ కళాశాల విశ్వవిద్యాలయమైనప్పుడు పేరులో చేరిన మాట ముస్లిం. మనం ఇంకా ఆ పాత బల్ల దగ్గరే కూర్చున్నాం.

(పీర్ల పండుగ చూసి ఇస్లాం అంతా అదేననుకునేవారితో వేరే పేచీ ఉంది. అది 680లో కర్బలాలో హతుడైన ప్రవక్త దౌహిత్రుడు హుసేను స్మృతి. దాని గురించి మరోసారి.)

నేను నివసించే ఊరు కాజీపల్లి. కాజీ అంటే న్యాయనిర్ణేత. ఆ అరబ్బీ మాటకు పల్లిని చేర్చి మనవాళ్లు హాయిగా పిలుచుకుంటున్నారు. పక్కనే పటాన్‌చెరు. కుతుబ్‌షాహీల నాడు అక్కడి అమీన్‌ఖానుకే పొన్నికంటి తెలగన్న తన యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. అది తొలి అచ్చతెనుగు కావ్యం! అచ్చతెనుగు అని మురిసిపోయే మనం, ఆ కృతిభర్త మతం పేరునైనా సరిగా పలకవద్దా?

పండితులకు ఇది మాటల తగాదాగా తోచవచ్చు. బడిలో అలా ఉండదు. "మహమ్మదీయ మత స్థాపకుడెవరు?" అని ఒక మార్కు ప్రశ్న ఇస్తాం. ముస్లిం పిల్లవాడు ఇంట్లో నేర్చుకున్నది, ఆయన స్థాపకుడు కాడు, అంతిమ ప్రవక్త అని. అలా రాస్తే మార్కు పోతుంది. మార్కు కోసం వాడు ఇంటి మాటను కొట్టేసి మన మాట రాయాలి. పక్కన కూర్చున్న రాములు అదే నిజమనుకొని పెద్దవాడవుతాడు.

పాత గ్రంథాలను దిద్దమనడం లేదు. అవి ఉన్నట్టే ఉండాలి. కొత్తగా రాసేటప్పుడు ఇస్లాం, ముస్లిం అని రాద్దాం. ముసల్మాను అన్నా నాకు అభ్యంతరం లేదు. అది ఎన్నడో తెలుగైపోయిన మాట. ప్రశ్నపత్రాలు తయారుచేసే ఉపాధ్యాయ మిత్రులు మాత్రం ఈ ఏటి నుంచే ఆ ప్రశ్నను "ఇస్లాం విశ్వాసం ప్రకారం అంతిమ ప్రవక్త ఎవరు?" అని మార్చి అడగవలసిందిగా మనవి.